సెగ్గడ్డలు తగ్గి మళ్ళీ వస్తుంటే ముక్కు సంగతి కూడా చూడండి

తొడలు, పిరుదుల మీద వెంట్రుకల మొదళ్లలో చీము పొక్కులు, యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గి నెల తిరక్కుండానే మళ్ళీ మొదలవుతుంటే, ఇది చాలావరకు స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పనే, అది చాలామందికి ముక్కు లోపల ఊరికే కాపురం ఉంటుంది, ముక్కులో వేలు పెట్టి ఆ చేత్తోనే ఒళ్ళు గోక్కుంటే ఇంకేముంది. మాత్రలతో పొక్కు మానుద్ది గానీ ముక్కులోది అలాగే ఉండిపోవచ్చు.

స్కిన్ డాక్టర్ని అడిగి ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రెండు ముక్కు రంధ్రాల్లో రోజుకి 2 సార్లు 5 రోజులు, ఆ రోజుల్లోనే క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములని చంపే లిక్విడ్‌తో స్నానం (కళ్ళల్లో, చెవుల్లో పడనివ్వకండి), టవల్, లోదుస్తులు, దుప్పట్లు రోజూ వేడినీళ్లలో ఉతకడం, ఇంట్లో ఇంకెవరికైనా గడ్డలుంటే వాళ్ళు కూడా ఒకేసారి చెయ్యాలి లేకపోతే మళ్ళీ వాళ్ళ నుంచి మీకే.

ఈసారి చీము ఉన్నప్పుడే కల్చర్ (చీముని ల్యాబ్‌లో పరీక్షించడం) చేయించండి, ఏ మందుకి లొంగుద్దో తెలుస్తుంది, ఊరికే షాపులో అడిగి కోర్సు మార్చుకుంటూ పోవద్దు. షుగర్ టెస్ట్ కూడా తప్పకుండా.

మెడికల్ షాపుల్లో ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీములు మాత్రం వద్దు బాబోయ్, రెండు రోజులు ఎరుపు తగ్గినట్టు ఉండి తర్వాత ఇంకా ముదురుతుంది. అదే వీపు, ఛాతీ మీద ఒకే సైజులో బాగా దురదపెట్టే పొక్కులైతే ఫంగస్ అయ్యుండొచ్చు, దానికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు.

తగ్గేదాకా అక్కడ షేవింగ్, టైట్ జీన్స్ ఆపండి, గడ్డ పిండకండి. జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా ఆరోజే హాస్పిటల్‌కి వెళ్ళండి.