ఫార్మ్‌డీ పిల్లలకు రోగికి తగ్గ మందు ఎంచుకోవడం ఎలా నేర్పాలి?

మీ ప్రశ్న ఇది: ఈ ఏడాదే ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కాలేజీలో చేరి థెరప్యూటిక్స్, అంటే ఏ జబ్బుకు ఏ మందు అన్న సబ్జెక్టు చెబుతున్నారు, పిల్లలు మందుల మెకానిజమ్, అంటే ఒంట్లో మందు పనిచేసే తీరు అంతా గడగడా అప్పజెబుతారు, కేసు చేతికిస్తే మాత్రం ఏ మందు ఇవ్వాలో తేల్చుకోలేక బిక్కమొహం వేస్తారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని.

నేనూ ఆ బాపతే. బీపీ మందుల గ్రూపులు అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా చెప్పేదాన్ని. మన దేశంలో ఈ కోర్సు 2008లో వచ్చింది. ఐదేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. థెరప్యూటిక్స్ రెండో ఏడాది మొదలై నాలుగో ఏడాది దాకా సాగుతుంది, అంతా జబ్బుల వారీగానే. ఈ వారం బీపీ, వచ్చే వారం ఉబ్బసం. పిల్లల బుర్రలో కూడా అలాగే అరలు కట్టుకుంటుంది. వార్డుకు వెళ్తే షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, కూతురి పెళ్లి అప్పు అన్నీ ఒకే మంచం మీద ఉంటాయి.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. ఇంటర్న్‌షిప్‌లో ఉండగా మెడిసిన్ వార్డులో ఒక పెద్దాయన చేరాడు. ఇన్సులిన్ మొదలుపెట్టి నెల అయింది, పూటకు 20 యూనిట్లు. అయినా షుగర్ 380. నేను పుస్తకం ప్రకారం లెక్కగట్టి, డోస్ పెంచొచ్చని పీజీ డాక్టరుగారికి చెప్పాను. ఆయనా సరేనన్నారు. ఆ రాత్రే పెద్దాయనకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. షుగర్ 50కి పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకున్నాడు. నేను మాత్రం తెల్లారేదాకా నా లెక్క ఎక్కడ తప్పిందా అని కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను.

లెక్క తప్పలేదు. పొద్దున డ్యూటీకి వచ్చిన సిస్టర్ ఆయన భార్యను పిలిచి, "ఇంట్లో వేసే సూది ఏది, చూపించమ్మా" అంది. ఆవిడ సంచిలోంచి నారింజ రంగు మూత ఉన్న సిరంజి తీసింది. మందు సీసా మీద 40 అని ఉంది.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండూ అమ్ముతారు. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత సిరంజి. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటర్లు, అంటే 8 యూనిట్లే. నెలంతా ఆయనకు 20 అనుకుంటూ ఇంట్లో 8 వేశారు. వార్డులో సరైన సిరంజితో, పైగా నేను పెంచమన్న డోస్ మొత్తం ఒంట్లోకి వెళ్లింది. ఆ సిరంజి ఇచ్చిన షాపువాడిని తిట్టుకున్నాను గానీ, అడగాల్సిన ప్రశ్న అడగనిది నేనే.

అందుకే నా క్లాసులో మొదటి నెల ఎవరినీ మందు ఎంచనివ్వను. వార్డుకు పంపి, రోగి తెచ్చుకున్న మందుల కవరు మంచం మీద గుమ్మరించి, ఉన్నదున్నట్టు రాసుకు రమ్మంటాను. కేస్ షీట్‌లో ఉన్న మందులకూ కవర్లో ఉన్న మందులకూ పొంతన కుదిరిన రోజు నాకు పెద్దగా గుర్తులేదు.

ఒక కవరు సంగతి చెబుతాను. అవ్వకు 68 ఏళ్లు, బరువు 42 కిలోలు, షుగరు, బీపీ. కవర్లో షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్ ఉంది. బీపీ బిళ్ల టెల్మిసార్టాన్ రెండు రకాలు, ఒకటి గవర్నమెంటు ఆసుపత్రిలో ఇచ్చింది, రెండోది ప్రైవేటు డాక్టరు రాసింది, అందులో మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా కలిసి ఉంది. పేర్లు వేరు కాబట్టి అవ్వ రెండూ మింగుతోంది. అడుగున కత్తిరించిన స్ట్రిప్ ముక్క, రేకు మీద పేరులో "ఫెనాక్" అన్న తోక ఒక్కటే మిగిలింది. అవి కీళ్ల బిళ్లలట, ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చాడు, రోజుకు రెండు. కేస్ షీట్‌లో దాని ఊసే లేదు.

కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.4. "కొంచెం ఎక్కువుంది మేడమ్, పర్లేదు" అన్నాడొకడు. బోర్డు దగ్గరికి పిలిచి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క చేయించాను, వయసు, బరువు, క్రియాటినిన్‌లను బట్టి కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తుందో అంచనా కట్టే లెక్క అది. 140లోంచి 68 తీస్తే 72, దాన్ని 42తో గుణించి, కింద 72 ఇంటూ 1.4. రెండు 72లూ కొట్టేసుకుపోయాయి. 42ను 1.4తో భాగిస్తే 30, ఆడమనిషి కాబట్టి 0.85తో గుణిస్తే 25 చిల్లర. "పర్లేదు" అన్నవాడు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇంకో అమ్మాయి లేచి, ల్యాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (ల్యాబ్ వాళ్లు వేసే వడపోత అంచనా) 41 అని ఉంది కదా, ఏది నమ్మాలి అంది. మంచి ప్రశ్న. రిపోర్టులో వేసేది 1.73 చదరపు మీటర్ల ఒళ్లున్న మనిషికి సరిపడే లెక్క. అవ్వ ఒళ్లు 1.3 దగ్గర. సర్దితే 31 వస్తుంది. మెట్‌ఫార్మిన్ ఈజీఎఫ్ఆర్ 30 లోపు వాడకూడదు, 45 లోపు కొత్తగా మొదలుపెట్టకపోవడమే మేలు, వాడుతుంటే డోస్ తగ్గించే సంగతి చూడాలి. 25 చూడాలా, 31 చూడాలా అని అరగంట కొట్టుకున్నారు. నేను నోరు విప్పలేదు. చివరికి వెనక బెంచీలోంచి ఒకడు, "ముందు ఆ కీళ్ల బిళ్ల ఆపించి మళ్లీ టెస్టు చేయిస్తే సరిపోదా" అన్నాడు. నాకు కావాల్సింది అదే. టెల్మిసార్టాన్ కిడ్నీలో వడపోత గుచ్ఛం నుంచి బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది, ఆ ఫెనాక్ నొప్పి బిళ్ల లోపలికి వచ్చే నాళాన్ని బిగిస్తుంది, థయాజైడ్ ఒంట్లో నీళ్లు తగ్గిస్తుంది. మూడూ కలిస్తే కిడ్నీ ఎండిపోయిన బోరులా ఉంటుంది. వాళ్లు చేసిన మొదటి ఎంపిక ఒక మందు ఆపమనడం, డూప్లికేట్ టెల్మిసార్టాన్ తీసేయమనడం. డాక్టరుగారు ఒప్పుకున్నారు. నొప్పికి పారాసిటమాల్ పెట్టారు. పది రోజుల తర్వాత క్రియాటినిన్ 1.1. (ఇది చదివి ఎవరూ సొంతంగా మందులు ఆపుకోకండి, డాక్టరుకు కవరు చూపించండి.)

కొత్త మందు ఎంచే దశకు వచ్చాక ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఇచ్చిన పద్ధతే వాడతాను. పనిచేస్తుందా, ప్రమాదమా, ఈ మనిషికి నప్పుతుందా, ఖర్చెంత అని నాలుగు గళ్లు. నేను ఐదోది కలిపాను: మిగతావి ఎందుకు వద్దు. సగం మార్కులు దానికే. అవ్వకు షుగరు బిళ్లల్లో గ్లిబెన్‌క్లమైడ్ చవక, కానీ ఆ వయసులో, ఆ కిడ్నీతో, షుగర్ పడిపోతే గంటల తరబడి పైకి లేవదు. ఇంకో షుగరు బిళ్ల లినాగ్లిప్టిన్‌కు కిడ్నీ కోసం డోస్ మార్చక్కర్లేదు, మరి నెలకు ఎంత పడుతుంది? పిల్లల్నే జనఔషధి షాపుకూ మామూలు మెడికల్ షాపుకూ పంపి ధర కనుక్కురమ్మంటాను. ఇన్సులిన్ అని రాసినవాడు ఇంట్లో ఫ్రిజ్ ఉందా, లేకపోతే తడి ఇసుకలో కుండ పెట్టి అందులో దాచే ఓపిక ఎవరికుందో కూడా రాయాలి.

ఇంకో విషయం, దీన్ని ఏ సిలబస్‌లోనూ నేను చూడలేదు. మనం మందు రాయం, డాక్టరుకు చెబుతాం. ఎలా చెప్పాలో రాకపోతే చదివిందంతా వృథా. నేను ఇంటర్న్‌గా రౌండ్స్ మధ్యలో అందరి ముందూ "సార్, ఇది తప్పు డోస్" అన్నాను. ఆ తర్వాత నెల రోజులు ఆయన నా వైపు చూడలేదు. డోస్ మాత్రం నిజంగానే తప్పు, అది వేరే సంగతి. ఇప్పుడు క్లాసులో నేను విసుక్కునే డాక్టరు వేషం వేస్తాను, పిల్లలకు అదంటే భలే సరదా. రౌండ్స్ అయ్యాక, కేస్ షీట్ చేత్తో పట్టుకుని, "సార్, ఈవిడ క్రియాటినిన్ 1.4, బయట ఫెనాక్ నొప్పి బిళ్ల కూడా వాడుతున్నారు, మీ దృష్టికి తెద్దామని" అని ఒక్క వాక్యంలో చెప్పాలి. దాని మీద "అయితే ఏం చేద్దామంటావ్?" అని అడిగితే జవాబు సిద్ధంగా ఉండాలి, అదీ ఒక్క వాక్యమే.

వారానికి ఒక్క కేసు పెట్టుకోండి, రెండు గంటలు పడుతుంది. సిలబస్ అవ్వలేదని హెచ్‌ఓడీ గారు కచ్చితంగా అడుగుతారు, నన్నూ అడిగారు. మెకానిజమ్‌లు పిల్లలు ఇంట్లో చదువుకుంటారని చెప్పాను, చదువుకున్నారు కూడా.

ఎర్ర మూతది, నారింజ మూతది చెరో సిరంజి నా టేబుల్ సొరుగులో ఎప్పుడూ ఉంటాయి. మీరూ కొని పెట్టుకోండి. షాపులో ఊరికే "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అని అడగండి. ఏ సీసాకు అని వాళ్లు మిమ్మల్ని తిరిగి అడుగుతారో లేదో చూడండి.