సమాధానం: సహానుభూతి లేబుల్స్ ఎందుకు కలవట్లేదు

చాట్లలో ఇచ్చిన జవాబుల్లో సహానుభూతి ఉందో లేదో అమీర్‌పేటలో కూర్చుని లేబుల్ చేస్తున్న (అంటే గుర్తు వేస్తున్న) మీ వాళ్లిద్దరికీ సగం చాట్లలో కూడా మాట కలవట్లేదని, వాళ్లని మార్చాలా అని అడిగారు. మార్చకండి. "సహానుభూతి ఉందా, లేదా?" అన్న ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయి.

జవాబుల్లో సహానుభూతిని కొలవడానికి 2020లో వచ్చిన ఎపిటోమ్ పద్ధతిలో వాటిని విడదీశారు: ఎదుటివాళ్ల బాధకి స్పందించడం, అది అర్థమైందని చెప్పడం, ఇంకా అడిగి తెలుసుకోవడం. ఒక్కోదానికి విడిగా మార్కు: లేకపోతే 0, కొంచెం ఉంటే 1, గట్టిగా ఉంటే 2.

"అమ్మకి డయాలసిస్ మొదలైంది, మస్తు పరేషాన్‌గా ఉంది" అని ఒకరు రాశారనుకోండి. "అయ్యో పాపం" అంటే మొదటిదానికి 1, మిగతావి 0. "హాస్పిటల్‌కీ ఆఫీసుకీ మధ్య నలిగిపోతున్నట్టున్నారు. రాత్రిళ్లు ఒంటరిగా అనిపిస్తోందా?" అంటే రెండోదానికీ మూడోదానికీ 2. పాపం అన్న మాటే లేదు, అయినా మనసుకి ఇదే దగ్గరగా ఉంది. మరి "అన్నం తిన్నావా?" అంటే? మన ఇళ్లలో అది ఆకలి గురించిన ప్రశ్న మాత్రమే కాదు కదా. దానికి ఎంత వేయాలో గైడ్‌లైన్స్‌లో ముందే రాయండి.

2019 నాటి ఎంపథెటిక్ డైలాగ్స్ అనే ఇంగ్లీషు సంభాషణల డేటాసెట్‌ని తెలుగులోకి మార్చి వాడదామన్నారు. అందులో దాదాపు 25 వేల సంభాషణలు, 32 భావాల లేబుల్స్ ఉన్నాయి. కానీ ఆ లేబుల్ మాట మొదలుపెట్టిన మనిషి భావం గురించి. జవాబులో సహానుభూతి ఎంతో అది చెప్పదు. దాని మీద ట్రైన్ చేస్తే మీకు వచ్చేది భావాన్ని గుర్తుపట్టే మోడల్.

ముందు ఓ 50 చాట్లు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చేయించండి. కలవనివి పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తాను.