సొంగ కార్చే గేదె, గోడకు తల గుద్దుకునే దూడ: పాడి రైతుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మిరప చేలో ప్రొఫెనోఫాస్ పురుగుమందు కొట్టిన మర్నాడు గట్టు మీద గడ్డి కోసి గేదెకు వేశాం. రెండు గంటల్లో సొంగ, వణుకు, పల్చటి పేడ. ఇంజెక్షన్లు చేశాక లేచి నిలబడింది. తెల్లారేసరికి మళ్ళీ కూలబడి చనిపోయింది. ఇచ్చిన మందు కల్తీదా?
– ఒక రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: కల్తీ అయి ఉండనక్కర్లేదు. ఈ విషానికి విరుగుడుగా చేసే ఇంజెక్షన్ ఎట్రోపిన్. అది పనిచేసేది కొన్ని గంటలే. తిన్న గడ్డి పెద్ద పొట్టలోనే ఉండి, విషాన్ని కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. లేచిన పశువు మళ్ళీ పడిపోయేది అందుకే. మొదటి రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. సొంగ మళ్ళీ మొదలైతే ఎట్రోపిన్ మళ్ళీ పడాలి.

ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్ అన్నీ ఆర్గానోఫాస్ఫేట్ మందులే. నరాల చివర విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఎప్పటికప్పుడు విరిచేసే ఎంజైమును ఇవి పనిచేయనివ్వవు. దాంతో గ్రంథులు ఊరుతూనే ఉంటాయి, కండరాలు అదురుతూనే ఉంటాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది. ఊపిరి గొట్టాలు స్రావాలతో నిండి, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడితే ప్రాణం పోతుంది.

మోతాదు దగ్గరే చాలాసార్లు దెబ్బ తింటున్నాం. 400 కిలోల గేదెకు కిలోకు 0.25 మి.గ్రా. లెక్కన 100 మి.గ్రా. ఎట్రోపిన్ కావాలి. నాలుగో వంతు నరానికి (అంటే రక్తనాళంలోకి), మిగతాది చర్మం కింద ఇస్తారు. మనుషులకు వాడే 0.6 మి.గ్రా. ఆంప్యూళ్ళయితే 160 దాటుతాయి! ఊళ్ళో దొరికిన పదింటితో ఏ గేదే బతకదు. అలాగని అదే పనిగా ఎక్కించకూడదు. సొంగ ఆరి, కంటిపాప విచ్చుకుంటే ఆపాలి. మించితే పొట్ట కదలిక ఆగి ఉబ్బరం వస్తుంది.

వణుకు ఎట్రోపిన్‌తో తగ్గదు. దానికి ప్రాలిడాక్సిమ్ కావాలి: కిలోకు 20 మి.గ్రా., అంటే 8 గ్రాములు, నిదానంగా నరానికి. తొలి 24 గంటల్లో ఇస్తేనే మేలు. ఆలస్యమైతే విషం ఎంజైముకు విడదీయలేనంతగా అతుక్కుపోతుంది. అదే కార్బోఫ్యూరాన్ గుళికలు (ఇవి ఆర్గానోఫాస్ఫేట్ కాదు, కార్బమేట్ రకం) తిన్న పశువైతే ఎట్రోపినే ప్రధానం, ప్రాలిడాక్సిమ్‌తో పనిపడదు. కాబట్టి మందు డబ్బా పారేయకండి. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేసినప్పుడే దాని మీది పేరు చదివి చెప్పండి.

పొట్టలో మిగిలిన విషానికి యాక్టివేటెడ్ చార్‌కోల్, కిలోకు 1 నుంచి 2 గ్రాములు, నీళ్ళలో కలిపి డాక్టరు గొట్టం ద్వారా పంపుతారు. పొయ్యి బొగ్గు దానికి సాటిరాదు. డాక్టరు వచ్చేలోగా నూనె, మజ్జిగ, చింతపండు రసం లాంటివి పట్టవద్దు. మింగలేని పశువుకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బతికిన గేదె పాలు డాక్టరు చెప్పేదాకా పారబోయాలి, దూడకూ తాగించకూడదు.

ప్రశ్న: పిడుదులకు క్లోరిపైరిఫాస్ నీళ్ళలో కలిపి గేదె మీద పోయవచ్చా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: వద్దమ్మా. పంట మందు చర్మం గుండా లోపలికి దిగుతుంది, నాకితే నోట్లోకీ పోతుంది. ఇప్పటికే పోసి ఉంటే చేతులకు తొడుగులు వేసుకుని సబ్బుతో, ధారగా నీళ్ళతో కడగండి. పిడుదులకు పశువుల కోసం తయారైన 1.25 శాతం డెల్టామెత్రిన్ లీటరు నీటికి 2 మి.లీ. చాలు. కళ్ళు, మూతి, పుండ్లు వదిలి పిచికారీ చేయండి. పిడుదులు గుడ్లు పెట్టేది గోడ పగుళ్ళలో, కాబట్టి కొట్టం కూడా తడపాలి. పంపును కాలవలో కడగవద్దు, ఈ మందు చేపలను చంపేస్తుంది.

ప్రశ్న: మా దూడకు చూపు పోయింది. పళ్ళు కొరుకుతూ గోడకు తల గుద్దుకుంటోంది. పక్క ఖాళీ స్థలంలో పాత బ్యాటరీలు పగలగొడతారు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు పిచ్చికుక్క కాటు సంగతి ఆలోచించండి. రేబిస్ కాదని తేలేదాకా నోట్లో చెయ్యి పెట్టవద్దు. అది కాకపోతే మొదటి అనుమానం సీసం మీదే. దూడలు కనబడిందల్లా నాకుతాయి. మింగిన సీసం ముక్క బరువుకు రెండో పొట్టలో దిగి, వారాల తరబడి కరుగుతూ ఉంటుంది. చూపు లేకపోయినా టార్చి వేస్తే కంటిపాప ముడుచుకుంటుంది, ఎందుకంటే దెబ్బ తగిలింది కంటికి కాదు, మెదడుకు.

పరీక్షకు సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేలే నీరు) పనికిరాదు, సీసం ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది. గడ్డకట్టని రక్తం పంపాలి. 0.35 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.35 భాగం) దాటితే సీసం విషమే. సీసాన్ని పట్టి మూత్రంలో బయటికి పంపే కాల్షియం డైసోడియం ఈడీటీఏ, దాంతోపాటు థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్లు ఇస్తారు. రెండో పొట్టలో ముక్క మిగిలి ఉంటే మందు ఆపగానే లక్షణాలు తిరగబెడతాయి. అదే చోట మేసిన పాడి గేదెలు పైకి బాగున్నా, రక్తపరీక్ష అయ్యేదాకా వాటి పాలు అమ్మకండి.

ప్రశ్న: చనిపోయిన పశువు నుంచి పరీక్షకు ఏం పంపాలి?
– ఒక రైతు, తెనాలి

జవాబు: పొట్టలోని మేత, కాలేయం, మూత్రపిండం. పశువైద్యుడి చేతే తీయించండి. ఒక్కోదాన్ని వేరే గాజు సీసాలో, ఉప్పు ఇక కరగనంత చిక్కటి ఉప్పునీళ్ళలో ఉంచాలి. ఫార్మలిన్ పోస్తే రసాయన పరీక్షకు పనికిరావు. కళేబరాన్ని బావికీ కాలవకూ దూరంగా లోతుగా పూడ్చండి. బయట వదిలితే ఆ విషం కుక్కలకు, గద్దలకు ఎక్కుతుంది.