విజయవాడ కార్పొరేటర్ నేరుగా ఎంపీ కావచ్చా?

22 ఏళ్లకే కార్పొరేటర్ అయిన వ్యక్తి తర్వాత నేరుగా లోక్‌సభకు పోటీ చేయవచ్చా అన్నది ప్రశ్న. చేయవచ్చు, కాకపోతే మూడేళ్లు ఆగాలి. కార్పొరేషన్‌కు 21 ఏళ్లు చాలు, లోక్‌సభకు 25 నిండాలి. మధ్యలో ఎమ్మెల్యే అయి తీరాలన్న నిబంధన ఏదీ లేదు. డిపాజిట్ 25 వేల రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం.

అసలు కష్టం వేరే ఉంది. 2021 ఎన్నికల నాటికి నగరంలో 64 డివిజన్లు. అందులో ఒక్కదాని కార్పొరేటర్‌కు ఏ వీధిలో కుళాయి ఎన్ని గంటలకు వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. లోక్‌సభ స్థానమంటే నగరంలోని మూడు అసెంబ్లీ సెగ్మెంట్లతో పాటు మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు కూడా.

బుడమేరు వాగునే చూడండి. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు వస్తే జనం మొదట నిలదీసేది కార్పొరేటర్‌నే. గండ్లు పడింది మాత్రం ఎగువన, వెలగలేరు దగ్గరి మళ్లింపు కాలువకు. ఆ ఊరు మైలవరం సెగ్మెంట్‌లోది. డివిజన్ దాటి అక్కడిదాకా తిరిగిన కుర్రవాడికి ఎంపీ పని కొంతైనా అర్థమవుతుంది. పార్టీ టికెట్ ఇస్తుందా అంటే, దానికి ఏ చట్టంలోనూ జవాబు లేదు.