అప్రూవల్ ఉత్తరం వచ్చిందని స్కాన్‌కి వెళ్ళిపోకండి

తమ్ముడూ, మీ ఆవిడకి తలనొప్పి ఎంతకీ తగ్గకపోతే డాక్టర్ బ్రెయిన్ ఎమ్మారై రాశారనీ, ఇన్సూరెన్స్ వాళ్ళు అప్రూవ్ చేశామని ఉత్తరం పంపారనీ, ఆస్పత్రిలో వచ్చే వారం స్లాట్ ఇస్తామంటున్నారనీ రాశావు. "అప్రూవ్ అయింది కాబట్టి ఇక మనకి ఖర్చుండదు కదా అక్కా?" అని అడిగావు. ఉంటుంది. బాగానే ఉంటుంది. అమెరికాకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మేమూ తిన్నాం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

మీకు వచ్చిన ఆ అప్రూవల్‌ని ప్రయర్ ఆథరైజేషన్ అంటారు. అంటే ఈ స్కాన్ అవసరమేనని ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోవడం, అంతే. డబ్బు ఎవరు కట్టాలన్నది వేరే లెక్క. మీ ప్లాన్‌లో డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ వాళ్ళు కట్టడం మొదలుపెట్టేముందు ఏటా మీరు కట్టుకోవాల్సిన మొత్తం) ఎంతో, ఈ ఏడాది అందులో ఇప్పటికి ఎంత నిండిందో చూడు. చాలా ప్లాన్లలో అది నిండేదాకా స్కాన్ ఖర్చంతా మీదే. నిండాక కూడా కోఇన్సూరెన్స్ అని కొంత శాతం మీ మీద పడుతుంది.

మేం వచ్చిన కొత్తలో మావారికి మోకాలు వాచి అడుగు తీసి అడుగు వేయలేకపోతే ఎమ్మారై రాశారు. నా చేతిలోనూ ఇలాంటి ఉత్తరమే ఉంది. ఇంటికి దగ్గర్లో పేరున్న పెద్ద ఆస్పత్రి ఒకటి ఉండేది. పెద్ద ఆస్పత్రి అయితే మిషన్ మంచిదై ఉంటుంది, చూసే డాక్టరూ మంచివాడై ఉంటాడు అనుకున్నాను. రేటెంత అని అడగడానికి నామోషీ పడ్డాను. రిసెప్షన్‌లో ఇచ్చిన కాగితాలన్నిటి మీదా చదవకుండానే సంతకాలు పెట్టేశాం. కొన్ని వారాలకి బిల్లు వచ్చింది. మా వాటాయే రెండు వేల డాలర్ల పైన. అప్పుడు మా ఖాతాలో అంత లేదు. ఊళ్ళో మామగారికి నెలనెలా పంపే డబ్బు ఆపాల్సి వచ్చింది. ఆ మాట ఫోన్‌లో ఆయనతో చెప్పేటప్పుడు మావారి గొంతు ఎలా ఉందో నాకింకా గుర్తుంది. అందుకే డబ్బు గురించి ఇంతగా చెబుతున్నాను. రోగం తగ్గినా అప్పు తగ్గదు.

తర్వాత తెలిసిందేమిటంటే, మా నెట్‌వర్క్‌లోనే (అంటే మా ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న జాబితాలోనే) ఉన్న ఒక విడి ఇమేజింగ్ సెంటర్‌లో, ఆస్పత్రితో సంబంధం లేకుండా స్కాన్లు తీసే చోట, అదే స్కాన్ ఆరు వందల లోపు అయిపోయేది. రెండు చోట్లా ఉన్నవి ఒకే అయస్కాంత శక్తి ఉన్న 1.5 టెస్లా మిషన్లే. ఆస్పత్రి తన భవనం ఖర్చులు, రాత్రింబవళ్ళు తెరిచి ఉంచే ఎమర్జెన్సీ ఖర్చులు అన్నీ కలుపుకొని రేటు వేస్తుంది, ఇన్సూరెన్స్‌తో మాట్లాడుకునే రేటు కూడా ఎక్కువే ఉంటుంది. విడి సెంటర్‌కి ఆ బరువు లేదు.

ఆ బిల్లు కట్టి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో బిల్లు వచ్చింది. మేమెప్పుడూ వినని పేరు, ఎవరో రేడియాలజీ గ్రూప్. కట్టేశాం కదా, ఇదేదో మోసం అనుకొని సొరుగులో పడేశాను. అది కలెక్షన్స్‌కి, అంటే బాకీలు వసూలు చేసేవాళ్ళ చేతికి వెళ్ళింది, క్రెడిట్ రిపోర్టులో చేరింది, ఆ తర్వాత కారు లోన్‌కి వడ్డీ పెరిగింది. తప్పు బిల్లుది కాదు. ఇక్కడ స్కాన్ తీసినందుకు ఒక బిల్లు, ఆ బొమ్మలు చూసి రిపోర్టు రాసిన రేడియాలజిస్టుకి ఇంకో బిల్లు వేరువేరుగా రావడం మామూలే. ఆ డాక్టర్ మొహం నువ్వు చూసి ఉండవు, అయినా పని చేసింది ఆయనే. 2022 జనవరి 1 నుంచి నో సర్‌ప్రైజెస్ చట్టం ఉంది కాబట్టి, నెట్‌వర్క్‌లోని ఆస్పత్రికి వెళ్ళినప్పుడు నెట్‌వర్క్‌లో లేని రేడియాలజిస్టు నీ మీద అదనంగా వడ్డించడానికి లేదు. కానీ విడి సెంటర్లకి ఆ రక్షణ మామూలుగా వర్తించదు. అక్కడ "మీ స్కాన్లు చదివే డాక్టర్లు కూడా మా నెట్‌వర్క్‌లోనే ఉన్నారా?" అని విడిగా అడగాలి. ఇది చాలామందికి తెలియదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి సీపీటీ కోడ్ (ఏ పరీక్షో బిల్లుల్లో గుర్తించే నంబర్) అడుగు. బ్రెయిన్ ఎమ్మారై కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) లేకుండా అయితే 70551, కాంట్రాస్ట్ లేకుండా ఒకసారి, ఇచ్చి ఒకసారి తీస్తే 70553. రేటు తేడా చాలా ఉంటుంది. ఆ కోడ్ పట్టుకొని ఇన్సూరెన్స్ కార్డు వెనకాల ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి, ఆస్పత్రిలో అయితే నా వాటా ఎంత, సెంటర్‌లో అయితే ఎంత అని అడుగు. మాట్లాడినవాళ్ళ పేరు, రిఫరెన్స్ నంబర్ రాసుకో. సెంటర్‌కి మారాలనుకుంటే ఆథరైజేషన్ కూడా ఆ సెంటర్ పేరు మీదికి మార్పించమని డాక్టర్ ఆఫీసుకి చెప్పు, లేకపోతే క్లెయిమ్ తిప్పికొడతారు. మీ తరం వాళ్ళకి యాప్‌లో అన్నీ చూసుకోవడం వచ్చు గానీ, అరగంట ఫోన్ పట్టుకొని హోల్డ్‌లో కూర్చునే ఓపిక లేదు. ఆ అరగంటే నాకు ఇన్నేళ్ళలో వేల డాలర్లు మిగిల్చింది. ఇవాళ డాలస్‌లో మా చుట్టుపక్కల మనవాళ్ళు ఎవరికి స్కాన్ రాసినా ముందు నాకే ఫోన్ చేస్తారు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి ఒక పక్కకి లాగినా, ఇంతకుముందెప్పుడూ లేనంత భయంకరమైన తలనొప్పి వచ్చినా రేట్లు అడుగుతూ కూర్చోకు. 911కి ఫోన్ చెయ్యి. ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆస్పత్రులు డబ్బుతో సంబంధం లేకుండా పరీక్ష చేసి ప్రాణాపాయం తప్పించాలని 1986 నుంచే చట్టం ఉంది. అడ్మిట్ అయ్యాక లోపల తీసే స్కాన్లకి బేరాలుండవు. ఇంటికొచ్చాక ఐటమైజ్డ్ బిల్లు (దేనికెంతో విడివిడిగా రాసినది) అడుగు, కట్టలేనంత అయితే ఆస్పత్రి ఇచ్చే బిల్లు తగ్గింపుకి, అంటే ఫైనాన్షియల్ అసిస్టెన్స్‌కి దరఖాస్తు పెట్టు. లాభాపేక్ష లేని ఆస్పత్రులైతే మొదటి బిల్లు వచ్చాక 240 రోజుల దాకా ఆ దరఖాస్తు తీసుకోవాలి. మిగతా నిబంధనలు ఆస్పత్రి వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, చూసుకో.

వేసవిలో మీ అమ్మానాన్నలు వస్తారని కూడా రాశావు. విజిటర్ ఇన్సూరెన్స్ చవకగా దొరికిందని ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ కొనకు. అందులో స్కాన్‌కి ఇంత అని ఒక మొత్తం రాసి ఉంటుంది, ఆ పైదంతా నీదే. కాస్త ఎక్కువైనా కాంప్రిహెన్సివ్ ప్లాన్ తీసుకో, పాత జబ్బుల గురించి అందులో ఏం రాశారో చదువు. ఇండియాలో తీసిన పాత స్కాన్లు ఉంటే సీడీలో తెచ్చుకోమను. పోల్చి చూడటానికి పాతవి ఉంటే, కొన్నిసార్లు కొత్తది తీయాల్సిన పనే ఉండదు.

మీ ఆవిడ మిషన్‌లో ఒంటరిగా భయపడుతుందేమో అన్నావు. చెవులకి ప్లగ్గులిస్తారు, చేతికి నొక్కే బజర్ ఇస్తారు, అద్దం అవతల నుంచి టెక్నాలజిస్టు మాట్లాడుతూనే ఉంటారు. నల్లపూసలు, గాజులు, మెట్టెలు ఇంట్లోనే తీసి భద్రంగా పెట్టి వెళ్ళండి. అక్కడ ఎలాగూ తీయిస్తారు, లాకర్‌లో పెట్టిన బంగారం ఏమైందోనని లోపల టెన్షన్ పడటం దేనికి?

స్కాన్ అయ్యాక బిల్లు రాగానే కట్టేయకు. ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ (వాళ్ళెంత కట్టారో, మీ వాటా ఎంతో చూపే కాగితం) వస్తుంది, అది బిల్లు కాదని దాని మీదే రాసి ఉంటుంది. సెంటర్ బిల్లు, రేడియాలజిస్టు బిల్లు, రెండూ పక్కన పెట్టుకొని ఈఓబీలోని "మీ వాటా"తో సరిచూసి, సరిపోతేనే కట్టు. ఒక్క డాలర్ తేడా ఉన్నా ముందు ఇన్సూరెన్స్‌కి ఫోన్ చెయ్యి, అక్కడ తేలకపోతే నాకు రాయి.