డిష్ ఎక్కడ పెట్టాలి? లీజు మీద సంతకానికి ముందే చూసుకోండి

అమెరికా వచ్చిన కొత్తలో అద్దె ఇల్లు వెతికేటప్పుడు మనవాళ్ళు గుమ్మం తూర్పుకుందా అని చూస్తారు. డిష్ పెట్టించుకుని తెలుగు చానెళ్ళు చూడాలని ఉంటే బాల్కనీ ఏ దిక్కుకుందో కూడా అప్పుడే చూసుకోవాలి. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అందుకే ఈ దేశంలో ఎక్కడున్నా డిష్ దక్షిణపు ఆకాశం వైపే చూడాలి. ఉత్తరపు బాల్కనీలో డిష్ పెట్టి లాభం లేదు.

దక్షిణం అంటే సరిపోదు, దక్షిణంలో ఎటు అన్నది తేలాలి. భూమధ్యరేఖ పైన ఒక్కో ఉపగ్రహానికి ఉండే స్థిరమైన చోటును స్లాట్ అంటారు, దాన్ని రేఖాంశంతో గుర్తిస్తారు. మీరు తీసుకోబోయే ప్యాకేజీ ఏ స్లాట్ నుంచి వస్తుందో ముందు కంపెనీని అడగండి. డల్లాస్ నుంచి చూస్తే 61.5 డిగ్రీల పశ్చిమ రేఖాంశం స్లాట్ ఆగ్నేయంలో, ఉత్తరం నుంచి సవ్యదిశగా 127 డిగ్రీల దగ్గర ఉంటుంది. 119 డిగ్రీల స్లాట్ నైరుతిలో, 217 దగ్గర. రెంటికీ మధ్య తొంభై డిగ్రీలు! తూర్పు బాల్కనీకి మొదటిదే కనిపిస్తుంది, పడమటి బాల్కనీకి రెండోదే. బాల్కనీ గోడల మధ్య లోపలికి ఉంటే పక్కగోడ ఆ కాస్తా కూడా మూసేయవచ్చు. స్థానిక చానెళ్ళు ఒక స్లాట్‌లో, మన భాష చానెళ్ళు మరో స్లాట్‌లో ఉంటే రెండో డిష్ కూడా కావాల్సి రావచ్చు.

తర్వాత చూడాల్సింది ఎత్తు కోణం. డల్లాస్‌లో 119 స్లాట్ నేల నుంచి సుమారు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే, బాస్టన్‌లో అదే స్లాట్ 21 డిగ్రీల పైచిలుకే. డిష్ కంటే 20 అడుగులు ఎక్కువ ఎత్తున్న చెట్టు అదే దిక్కులో ఉందనుకోండి. డల్లాస్‌లో అది 20 అడుగుల దూరంలో ఉన్నా అంచుకు తగులుతుంది, ఇంకొంచెం అవతల ఉంటే ఇబ్బంది లేదు. బాస్టన్‌లో మాత్రం 50 అడుగులు దాటి ఉండాలి. డిష్‌ను కంటితో చూసి ఎటు చూస్తోందో అంచనా వేయకండి. ఇళ్ళ మీద ఉండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు, అంటే సిగ్నల్ అందుకునే భాగం నడిమధ్యన కాక కింది వైపుకు ఉండేవి. అవి దాదాపు నిటారుగా కనిపిస్తూనే ఇరవై డిగ్రీలకు పైగా పైకి చూస్తుంటాయి.

చలికాలంలో దిగినవాళ్ళు ఇక్కడే ఎక్కువగా మోసపోతారు. జనవరిలో మోడుగా ఉన్న చెట్టు సందులోంచి సిగ్నల్ బాగానే వస్తుంది. మే నెలలో ఆకులు నిండాక బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతుంది. తడిసిన ఆకులైతే మరీను. కొమ్మలున్నచోట ఆకులు కూడా ఉన్నట్టే లెక్కేసుకోండి. కిటికీ అద్దం వెనక నుంచి పెడదామనే ఆలోచనా వద్దు, అద్దం సిగ్నల్‌ను తినేస్తుంది.

అపార్ట్‌మెంట్ మేనేజర్ వద్దంటే వెంటనే వెనక్కి తగ్గకండి. ఒక మీటరు వ్యాసం లోపు డిష్‌ను మీ ఒక్కరి వాడకంలో ఉన్న బాల్కనీలోనో, ప్యాషియోలోనో పెట్టుకునే హక్కును 1996 నాటి ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ) నిబంధన ఇస్తోంది. 1999 నుంచి అద్దెకుండేవాళ్ళకూ అది వర్తిస్తుంది. దానికీ హద్దులున్నాయి. డిష్ రెయిలింగ్ దాటి బయటకు రాకూడదు. పైకప్పు, బయటి గోడ అందరివీ కాబట్టి అక్కడ మీకు హక్కు లేదు. గోడకు కన్నం పెట్టొద్దని యజమాని అనొచ్చు.

అందుకే బాల్కనీలో కన్నం అవసరంలేని పద్ధతే మంచిది. ఐదు గ్యాలన్ల బకెట్ మధ్యలో ఇనుప పైపు నిలబెట్టి కాంక్రీటు పోయండి. 80 పౌన్ల బస్తా ఒకటి దాదాపు సరిపోతుంది. డిష్ బ్రాకెట్ లోపలి కొలత చూసుకున్నాకే పైపు కొనండి. కాంక్రీటు తడిగా ఉండగానే స్పిరిట్ లెవెల్‌ను పైపుకు రెండు వైపులా, ఒకదానికొకటి అడ్డంగా పెట్టి నిటారుగా ఉందో లేదో చూసి, గట్టిపడేదాకా కదలకుండా ఉంచండి. పైపు ఒరిగితే బ్రాకెట్ మీది డిగ్రీల గీతలన్నీ తప్పు చెబుతాయి. సిగ్నల్ దొరక్క గంటలు పట్టే చోట చాలాసార్లు కారణం ఇదే. రెయిలింగ్‌కు క్లాంపుతో బిగించే పద్ధతి తేలికే గానీ, రెయిలింగ్ ఊగితే గాలి వీచినప్పుడల్లా బొమ్మ పోతుంది.

సొంతిల్లయితే గోడకు పెట్టొచ్చు. లాగ్ బోల్టులు (చెక్కలోకి దిగే లావుపాటి మరబోల్టులు) సైడింగ్, అంటే గోడ బయటి పలకల, వెనకున్న చెక్క స్టడ్ అనే నిలువు దూలంలోకి దిగాలి. స్టడ్‌లు సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. సైడింగ్‌కే బిగిస్తే మొదటి పెద్దగాలికే ఊడొస్తుంది. ముందు సన్నని డ్రిల్ బిట్‌తో దారి చేసి, కన్నంలో సిలికాన్ నింపి బోల్టు ఎక్కించండి. పైకప్పును ఆఖరి దారిగా ఉంచుకోండి. ఆకాశం ఖాళీగా కనిపిస్తే చాలు, ఎత్తుకు పెట్టినంత మాత్రాన సిగ్నల్ పెరగదు. పైకప్పు మీద బోల్టు దిగిన ప్రతిచోటా నీరు కారే ప్రమాదం ఉంది. చేతికందే చోట ఉంటే మంచు పేరుకున్నప్పుడు తుడవడమూ సులువే.

కేబుల్ ఆర్‌జీ-6 రకం, కనెక్టర్లు కంప్రెషన్ రకం వాడండి. ఇంట్లోకి వెళ్ళేముందు కేబుల్ కాస్త కిందికి వేలాడి పైకెక్కాలి. అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. సొంతింట్లో ఎర్తింగ్ మానేయొద్దు. కేబుల్ లోపలికొచ్చేచోట గ్రౌండ్ బ్లాక్ (కేబుల్‌ను ఎర్త్ తీగతో కలిపే చిన్న లోహపు ముక్క) పెట్టి, డిష్ పైపునూ దాన్నీ 10 గేజ్ రాగి తీగతో ఇంటి కరెంటు ఎర్త్‌కే కలపండి. విడిగా మరో కడ్డీ పాతి ఊరుకుంటే పిడుగు పడినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజి తేడా మీ టీవీ గుండా దారి వెతుక్కుంటుంది.

తిప్పడానికి ముందు దిక్సూచి తప్పును సరిచేసుకోండి. అది చూపే ఉత్తరం సియాటిల్‌లో అసలు ఉత్తరానికి సుమారు 15 డిగ్రీలు తూర్పుకు, బాస్టన్‌లో దాదాపు 14 డిగ్రీలు పడమరకు జరిగి ఉంటుంది. ఇనుప పైపు పక్కన పెట్టి చూస్తే ఇంకా తప్పుతుంది. ఎత్తు కోణం ముందే బిగించి, డిష్‌ను కొద్దికొద్దిగా పక్కకు తిప్పుతూ ప్రతిసారీ నాలుగైదు సెకన్లు ఆగండి, రిసీవర్ మీటర్ వెంటనే స్పందించదు. సిగ్నల్ దొరికాక ఎడమకు ఎక్కడ పడిపోతోందో, కుడికి ఎక్కడ పడిపోతోందో చూసి రెంటికీ నడుమ ఆపండి. ఎత్తుకూ అలాగే చేయండి. బోల్టులను ఒక్కోటీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి, ఒకేదాన్ని పూర్తిగా తిప్పితే డిష్ దానివైపు లాగుతుంది. చివర్లో బ్రాకెట్ మీద, పైపు మీద కలిసేలా మార్కర్‌తో ఒక గీత గీయండి. తుఫాను తర్వాత సిగ్నల్ పోతే డిష్ కదిలిందో, తప్పు ఇంకెక్కడుందో ఆ గీత చూస్తే తెలుస్తుంది.