ఉప్పు చల్లినా నేల ఎందుకు జారుతోంది?

ప్రశ్న: మా వాణిజ్య సముదాయంలో మంచు తొలగించే పనిని ఒక సంస్థకు కాంట్రాక్టుకు ఇచ్చాము. వేళకు వచ్చి మంచు తోసి, ఉప్పు కూడా చల్లి వెళ్తున్నారు. అయినా తెల్లవారేసరికి పార్కింగ్ స్థలం జారుడుగా ఉంటోంది. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: తోసిన మంచును ఎక్కడ కుప్ప పోస్తున్నారో ముందు చూడండి. ఎత్తుగా ఉన్న వైపు పోస్తే, పగటి ఎండకు కరిగిన నీరు వాహనాలు నిలిపే చోటికి పారి, రాత్రికి గాజుపలకలా గడ్డకడుతుంది. చూడటానికి తడి నేలలాగే ఉండే ఈ పల్చని పొర మోకాలి లోతు మంచుకన్నా ప్రమాదకరం. కుప్పలను పల్లం వైపు, నీరు పోయే దారికి అడ్డురాకుండా వేయించండి.

ఇక ఉప్పు సంగతి. నేల ఉష్ణోగ్రత (గాలిది కాదు) సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే మామూలు ఉప్పు చాలా మందకొడిగా పనిచేస్తుంది కనుక, అంతటి చలిలో కాల్షియం క్లోరైడ్ వంటివి వాడాలి. కరగడం లేదని ఉప్పు గుమ్మరిస్తే కాంక్రీటు పెచ్చులూడుతుంది, మొక్కలు దెబ్బతింటాయి. మంచు పడకముందే సుమారు 23 శాతం ఉప్పునీటిని పిచికారీ చేయిస్తే, మంచు నేలకు గట్టిగా అంటుకోక పారకు తేలిగ్గా లేస్తుంది; వానతో మొదలయ్యే మంచుకు మాత్రం ఇది దండగ.

ఎన్ని సెంటీమీటర్ల మంచు పడితే పని మొదలుపెట్టాలో ఒప్పందాల్లో సాధారణంగా ఉంటుంది కానీ, మంచు పడని రోజుల్లో కరిగి గడ్డకట్టే నీటి విషయం చాలామంది రాసుకోరు. ఆ షరతు చేర్చండి. వచ్చిన వేళ, చల్లిన పదార్థం, దాని పరిమాణం ప్రతిసారీ రాతపూర్వకంగా తీసుకుంటే, ఎవరైనా జారిపడి దావా వేసినప్పుడు చూపడానికి ఆధారం ఉంటుంది.